బ్యాగ్ నిండుతుందని నీళ్ళు మానేయకండి

ప్రశ్న: మేడమ్, నా వయసు 47. చాలా ఏళ్ళు పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌తో బాధపడ్డాను. మందులు పనిచేయక, ఎనిమిది నెలల కిందట పెద్దపేగు మొత్తం, దాంతోపాటు మలాశయం కూడా తీసేసి శాశ్వతంగా ఇలియోస్టమీ పెట్టారు, అంటే చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి, మలం పడే బ్యాగ్ తగిలించారు. ఇంట్లో, ఆఫీసులో పెద్ద ఇబ్బంది లేదు. బ్యాగ్ మార్చుకోవడం చేతనైంది. కానీ నాకు చిన్నప్పటి నుంచీ కొండలెక్కడం, ఈత కొట్టడం, నెలకోసారి స్నేహితులతో కలిసి టెంట్ వేసుకుని ఆరుబయట పడుకోవడం అలవాటు. అవన్నీ ఆగిపోయాయి. రెండు నెలల కిందట ధైర్యం చేసి ఒక చిన్న గుట్ట ఎక్కబోయాను. దారిలో బ్యాగ్ నిండకూడదని ముందురోజు రాత్రి నుంచే తిండి మానేశాను. పొద్దున నీళ్ళు కూడా గుక్కెడే తాగాను. గంటన్నర నడిచేసరికి కళ్ళు తిరిగాయి, పిక్కలు పట్టేశాయి. బ్యాగ్‌లోకి మాత్రం నీళ్ళలాంటిది పడుతూనే ఉంది. సగం దారిలో వెనక్కి వచ్చేశాను. ఈ ఒంటితో ఇక కుదరదని తేల్చుకున్నాను. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. "నాన్నా, ఈసారైనా వస్తావా?" అని అడిగినప్పుడల్లా మోకాళ్ళ నొప్పులని చెబుతున్నాను. నిజంగానే ఇవన్నీ నాకు ఇక లేనట్టేనా?
పేరు రాయవద్దన్న పాఠకుడు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే మాట దగ్గర ఆగిపోయాను. "నీళ్ళు కూడా గుక్కెడే తాగాను" అన్న దగ్గర. నాకు ఇలియోస్టమీ అయి పదకొండేళ్ళు. మొదటి ఏడాది నేనూ సరిగ్గా అదే చేశాను. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించాకే మళ్ళీ మనిషినయ్యాను. అందుకే ముందు ఆ గుట్ట సంగతి తేలుద్దాం. ఈత, టెంట్ ఆ తర్వాత.

ఆ రోజు మీ ఒళ్ళు మీకు అడ్డం తిరగలేదు. దానికి కావలసింది మీరు ఇవ్వలేదు, అంతే. పెద్దపేగు చేసే ముఖ్యమైన పని, చిన్నపేగు నుంచి వచ్చిన పలచటి ద్రవంలోంచి నీళ్ళను, ఉప్పును పీల్చి ఒంట్లోకి తిరిగి పంపడం. రోజుకు లీటరుకు పైగా నీళ్ళు అలా వెనక్కి వచ్చేవి. ఇప్పుడు ఆ పేగు లేదు కాబట్టి ఆ నీళ్ళూ ఉప్పూ నేరుగా బ్యాగ్‌లోకి పోతున్నాయి. కాలం గడిచేకొద్దీ చిన్నపేగు కొంత అలవాటుపడుతుంది. అయినా రోజుకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, కొందరికి అంతకన్నా కాస్త ఎక్కువే, బ్యాగ్‌లో పడుతుంది. అది మామూలే. దానికి నడకలో కారే చెమట తోడైతే నీళ్ళ లెక్క, ఉప్పు లెక్క రెండూ తప్పుతాయి. కళ్ళు తిరగడం, పిక్కలు పట్టేయడం, నోరు పిడచకట్టడం, మూత్రం ముదురు పసుపులోకి మారడం ఆ లెక్క తప్పిందనడానికి గుర్తులు.

మరి తినకపోయినా బ్యాగ్‌లో ఎందుకు పడింది? మీరు తిన్నా తినకపోయినా కడుపు, కాలేయం, క్లోమం, చిన్నపేగు తమ రసాలు ఊరిస్తూనే ఉంటాయి. అన్నం పడితే వాటికి కాస్త చిక్కదనం వస్తుంది. ఖాళీ కడుపుతో ఉంటే అవే పలచగా, నీళ్ళలా, గ్యాస్‌తో కలిసి దిగుతాయి. ఆ పలచటి ద్రవమే, బ్యాగ్‌ను చర్మానికి అతికించే బేస్‌ప్లేట్ కిందికి తేలిగ్గా పాకుతుంది, చర్మాన్నీ ఎక్కువ మండిస్తుంది. అంటే లీక్ కాకూడదని మీరు చేసిన పనే లీక్‌కు దారి తీస్తుంది. ఉపవాసంతో బ్యాగ్‌ను గెలవలేం. మీరు కొత్తగా నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే ఇదొక్కటే. మిగతావన్నీ సర్దుబాట్లు.

బయల్దేరే రెండు మూడు గంటల ముందు మీకు పడే తేలికైన తిండి, మీ ఇలియోస్టమీకి ఇప్పటికే అలవాటైనదే, తినండి. కొత్తవి ఆ రోజు ప్రయోగం చేయకండి. గింజలు, పీచు బాగా ఉన్నవి ఆ పూటకు పక్కనపెట్టండి. ఏది తిన్నా మెత్తగా నమిలి మింగండి. నమలని పీచు స్టోమా దగ్గర, అంటే పేగు పొట్ట మీద తెరుచుకునే చోట, ఇరుక్కుంటే కొండ మీద చాలా అవస్థ.

తాగడం సంగతి కాస్త వివరంగా చెబుతాను. చాలామంది నీళ్ళు ఎక్కువ తాగితే సరిపోతుందనుకుంటారు. మన విషయంలో ఉత్త నీళ్ళు మాత్రమే చాలవు. పోయింది నీళ్ళూ ఉప్పూ కలిసి. ఉప్పు లేకుండా ఎన్ని నీళ్ళు పోసినా కొందరికి అవి అలాగే బ్యాగ్‌లోకి దిగిపోతాయి, పోతూ పోతూ ఒంట్లోని ఉప్పునూ తోడుకుపోతాయి. చిన్నపేగు గోడలు ఉప్పును గ్లూకోజ్‌తో కలిపి ఇస్తే బాగా లోపలికి తీసుకుంటాయి. ఉప్పు వెంట నీళ్ళు వెళ్తాయి. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఈ సూత్రం మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఖరారు చేసిన ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్ ఉంటాయి. పొట్లం మీద ఎంత నీటిలో కలపమన్నారో సరిగ్గా అంతలోనే కలపండి. రుచి కోసం పలచన చేస్తే ప్రయోజనం పోతుంది. తియ్యటి కూల్‌డ్రింకులు, పళ్ళరసాలు, చక్కెర ఎక్కువున్న ఆటగాళ్ళ పానీయాలు దీనికి బదులు కావు. అంత చక్కెర పేగులోకి నీళ్ళను లాగి బ్యాగ్‌ను ఇంకా నింపుతుంది.

నా పద్ధతి చెబుతాను. రెండు సీసాలు పట్టుకెళ్తాను, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో ఓఆర్‌ఎస్. దాహం వేసేదాకా ఆగను. పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు, ఒకసారి ఇది, ఒకసారి అది. ఒక మోస్తరు ఎండలో, ఒక మోస్తరు ఎక్కుడులో గంటకు అర లీటరు లెక్కన మోసుకెళ్తే సరిపోతోంది. ఎండ ముదిరితే అంతకన్నా ఎక్కువే. ఒకేసారి సీసా ఎత్తేస్తే అంతా బ్యాగ్‌లోకే పోతుంది కాబట్టి గుక్కలు గుక్కలుగానే తాగండి. మధ్యాహ్నానికల్లా ఒకసారైనా మూత్రం లేత రంగులో వచ్చిందంటే లెక్క సరిగ్గా ఉన్నట్టే. ఎప్పుడూ ఒళ్ళు ఎండిపోతూ ఉంటే మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చే అవకాశం ఇలియోస్టమీ ఉన్నవాళ్ళకు మామూలు కన్నా ఎక్కువ. కాబట్టి ఇది ఒక్క కొండ రోజుకే కాదు, రోజూ పట్టించుకోవలసిన సంగతి. ఒక్క హెచ్చరిక: బీపీకో, గుండెకో, మూత్రపిండాలకో మందులు వాడుతుంటే, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు వేసుకుంటుంటే, ఉప్పు పెంచేముందు డాక్టర్‌ను అడగండి. బ్యాగ్‌లో ఎప్పుడూ ఎక్కువగా పడుతుంటే లోపెరమైడ్ లాంటి మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకోమని కొందరికి డాక్టర్లు చెబుతారు. మీకు అవసరమో కాదో వాళ్ళే చెప్పాలి.

ఇక లీక్ భయం. మీరు ఆ మాట రాయలేదు కానీ ఉత్తరమంతా అదే ఉంది.

1954లో డెన్మార్క్‌లో ఎలిసె సోరెన్‌సెన్ అనే నర్సు ఉండేది. ఆమె చెల్లెలు థోరాకు స్టోమా పెట్టారు. ఎక్కడ కారిపోతుందోనని ఆ అమ్మాయి గడప దాటడం మానేసింది. ఆ బాధ చూడలేక ఎలిసె, చర్మానికి అతుక్కుని, వాడాక పారేసే ప్లాస్టిక్ సంచి ఒకటి ఊహించింది. ఓగె లూయీ హాన్సెన్ అనే ప్లాస్టిక్ తయారీదారుకు ఆ ఆలోచన ముందు నచ్చలేదట, నర్సుగా పనిచేసిన ఆయన భార్యే ఒప్పించింది. ఇవాళ మీ పొట్టకున్న బ్యాగ్ ఆ వరసలోదే. ఇల్లు కదలలేని మనిషిని బయటికి పంపడానికే ఇది పుట్టింది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు బ్యాగ్ మీదున్న కోపం చాలావరకు పోయింది.

అయినా లీక్ అవుతుంది. నాకు అయింది. సర్జరీ అయిన ఏడాదికి, నా మూడో కొండ నడకలో. బేస్‌ప్లేట్ అంచు కింద చీమ పాకినట్టు దురద పెట్టింది. ఎక్కుడు ఇంకో ఇరవై నిమిషాలే కదా, పైకి వెళ్ళి చూద్దామనుకున్నాను. పది నిమిషాలకు పొట్ట మీద వెచ్చగా జారింది. చొక్కా అంచు తడిసింది. ఒక బండరాయి వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. నా స్నేహితురాలు తువ్వాలు అడ్డం పట్టి అటు తిరిగి నిలబడింది. చేతులు వణుకుతున్నాయి, కొత్త ప్లేట్ వెనక కాగితం ఎంతకీ ఊడి రాదు. ఇంటి దగ్గరే రంధ్రం కత్తిరించి ఉంచుకున్నాను కాబట్టి సరిపోయింది, అక్కడ కత్తెర పట్టుకుని కొలతలు తీసే స్థితిలో లేను. సీసాలో నీళ్ళతో కడిగి, తుడిచి, ఆరనిచ్చి, అతికించి, అరచేత్తో నొక్కిపట్టి కూర్చున్నాను. మొత్తం పన్నెండు నిమిషాలు. తర్వాత వేరే చొక్కా వేసుకుని పైదాకా వెళ్ళాం.

తప్పు ఎక్కడ జరిగిందో దిగేటప్పుడు తెలిసింది. బ్యాక్‌ప్యాక్ నడుం పట్టీ సరిగ్గా బ్యాగ్ మీదుగా బిగించాను. ద్రవం కిందికి జారే దారి లేక పైకి ఎగదన్ని ప్లేట్ కిందికి పాకింది. ఆ దురదే మొదటి కబురు. ప్లేట్ కింద దురదగానీ మంటగానీ మొదలైతే ఇంకో మలుపు దాకా కూడా ఆగకండి. అక్కడే కూర్చుని మార్చేయండి.

ఆ రోజు నుంచి నా బ్యాక్‌ప్యాక్ పై అరలో ఒక చిన్న గుడ్డ సంచి ఉంటుంది. కత్తిరించి ఉంచిన ప్లేట్లు రెండు, బ్యాగులు రెండు, మెత్తటి గుడ్డ, ఒక చిన్న అద్దం, గట్టిగా మూతపడే ప్లాస్టిక్ కవర్లు, ఒక జత బట్టలు. వీటిని ఎండలో నిలిపిన కారులో వదలకండి, వేడికి జిగురు పాడవుతుంది. రాత్రి ఉండాల్సిన ప్రయాణమైతే లెక్కకు రెట్టింపు పట్టుకెళ్ళి, సగం తోడు వచ్చేవాళ్ళ దగ్గర పెట్టండి.

చెమటకు ప్లేట్ పట్టు సడలుతుంది. మామూలుగా నాలుగు రోజులుండే ప్లేట్ ఎండల్లో నడిస్తే మూడు రోజులకే మార్చవలసి రావచ్చు. బయల్దేరే ముందురోజు కొత్తది వేసుకుంటే రాత్రంతా అది బాగా పట్టుకుంటుంది. పొద్దున్నే, ఏమీ తినకముందు స్టోమా నెమ్మదిగా ఉంటుంది కాబట్టి మార్చడానికి అదే మంచి వేళ. చర్మం మీద నూనె, క్రీము, జిడ్డు సబ్బు ఏదీ ఉండకూడదు. ఇంకొకటి. సర్జరీ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో స్టోమా వాపు తగ్గి చిన్నదవుతుంది. చాలామంది మొదటి వారం కొలతతోనే ఏడాదంతా కత్తిరిస్తూ ఉంటారు. మీది ఈ మధ్య మళ్ళీ కొలిచారా? స్టోమా చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లకు మించి చర్మం బయటపడకూడదు. సగం లీకులు ఈ ఒక్క కొలతతో ఆగిపోతాయని నా అనుభవం.

బ్యాగ్ మూడో వంతు నిండగానే ఖాళీ చేయండి, మరీ అయితే సగం. అంతకు మించితే బరువుకు ప్లేట్ లాగుతుంది. ఆరుబయట ఖాళీ చేయడం మొదటిసారి ఇబ్బందిగానే ఉంటుంది. నీటి వనరుకు, దారికి, టెంట్లకు కనీసం 60 మీటర్ల దూరం వెళ్ళి, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వండి. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, గాలికి వీపు పెట్టి గొంతుక్కూర్చోండి. బ్యాగ్ మూతిని ముందు పైకి ఎత్తిపట్టుకుని క్లిప్ తీసి, ఆ తర్వాతే కిందికి వంచండి. ఈ వరస తప్పితే చెప్పులు కడుక్కోవాల్సి వస్తుంది. మూతి లోపలి అంచును శుభ్రంగా తుడిచి మూసేయండి, లేకపోతే వాసన అక్కడి నుంచే వస్తుంది. గుంట పూడ్చేయండి. వాడిన బ్యాగులు, ప్లేట్లు పూడ్చనూ వద్దు, తగలబెట్టనూ వద్దు. రెండు కవర్లలో కట్టి మీతోనే వెనక్కి తీసుకురండి. ఇదంతా ఒకసారి ఇంటి పెరట్లోనో స్నానాలగదిలోనో గొంతుక్కూర్చుని చేసి చూడండి. కొండ మీద చేతులు వాటంతటవే కదులుతాయి.

బరువు గురించి నా మాట కాస్త గట్టిగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. పేగును బయటికి తేవడానికి పొట్ట కండరంలో ఒక రంధ్రం చేశారు. ఆ చోటు జీవితాంతం కొంత బలహీనమే. అక్కడ హెర్నియా రావడం స్టోమా ఉన్నవాళ్ళలో చాలా మామూలు. మొదటి ఆరు వారాలు రెండు మూడు కిలోలకు మించి ఎత్తవద్దని, మూడు నెలల దాకా పెద్ద బరువుల జోలికి పోవద్దని సర్జన్లు చెప్పేది అందుకే. మీకు ఎనిమిది నెలలు దాటాయి. అయినా బ్యాక్‌ప్యాక్ ఎత్తేముందు ఒకసారి సర్జన్‌కు చూపించుకోండి. నిలబడినప్పుడో దగ్గినప్పుడో స్టోమా పక్కన ఉబ్బు కనిపిస్తే తప్పకుండా చెప్పండి. హెర్నియా బెల్ట్ అవసరమైతే స్టోమా నర్సు చేత కొలత తీయించుకునే కొనాలి, అందాజాగా కొంటే స్టోమాను నొక్కేస్తుంది. మొదట్లో మూడు నాలుగు కిలోలు మించకుండా మోయండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదులుతూ ఎత్తండి. నడుం పట్టీని బ్యాగ్‌కు పైనో కిందో ఉండేలా సర్దుకోండి, లేదా బిగించకుండా వదిలేయండి. టెంట్ మోసే పని ఈ ఏడాది స్నేహితులకు అప్పజెప్పండి.

స్టోమాకు నొప్పి తెలిసే నరాలు లేవు. దీనివల్ల ఒక లాభం, ఒక ప్రమాదం. తాకితే నొప్పి ఉండదు. కానీ పట్టీ బకుల్ రోజంతా రాసుకుని కోసుకుపోయినా మీకు తెలియదు. అందుకే సాయంత్రం అద్దంలో ఒకసారి చూసుకోండి. తుడిచినప్పుడు చుక్క రక్తం కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, అక్కడి రక్తనాళాలు అంత పైపైనే ఉంటాయి.

ఈత మీరనుకున్నంత కష్టం కాదు. బ్యాగ్, ప్లేట్ నీళ్ళలో తడిసినా ఊడకుండా ఉండేలాగే తయారుచేస్తారు. నీళ్ళు స్టోమాలోకి పోవు. ఉప్పునీళ్ళు, క్లోరిన్ నీళ్ళు దానికి హాని చేయవు. గాయాలన్నీ పూర్తిగా మానాయా లేదా అన్నదే ప్రశ్న. మీకు మలాశయం కూడా తీశారు కాబట్టి కింద కుట్లు పడిన చోటు మానడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. అక్కడ ఇంకా చెమ్మ ఉంటే ఈత, సైకిల్ సీటు రెండూ ఆగాల్సిందే. అది మానిందని డాక్టర్ చెప్పాక, ముందు ఇంట్లో టబ్బులో నీళ్ళు నింపుకుని అరగంట కూర్చోండి. ప్లేట్ అంచులు ఎలా ఉన్నాయో వేళ్ళతో తడిమి చూడండి. నాకు ఆ అరగంట ఇచ్చిన ధైర్యం ఏ పుస్తకమూ ఇవ్వలేదు. నీళ్ళలో దిగేముందు బ్యాగ్ ఖాళీ చేయండి. బ్యాగ్ పైన గాలి పోయే ఫిల్టర్ ఉంటే దానికి ఇచ్చే చిన్న స్టిక్కర్ అతికించండి, తడిస్తే ఫిల్టర్ పనిచేయదు. బయటికి వచ్చాక స్టిక్కర్ తీసేయడం మరచిపోకండి. కొత్త ప్లేట్ వేసుకున్న వెంటనే దూకవద్దు, కొన్ని గంటలు పట్టు కుదరనివ్వండి. నడుం పైదాకా వచ్చే ముదురు రంగు ఈత నిక్కరు వేసుకుంటే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. మొదటిసారి జనం తక్కువున్న వేళ వెళ్ళండి, అది మీ మనసు కోసం.

టెంట్‌లో రాత్రి గురించి మీకు దిగులుగా ఉండి ఉంటుంది. ఇలియోస్టమీ నిద్రపోదు కదా. రాత్రి భోజనం పడుకోవడానికి మూడు నాలుగు గంటల ముందే ముగించండి. పడుకునేముందు ఖాళీ చేసి, రెండు మూడింటికి ఒక అలారం పెట్టుకోండి. తలకు కట్టుకునే లైటు కొనుక్కోండి, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. టెంట్ గుమ్మం పక్కనే పడుకోండి, ఎవరినీ దాటుకుని పోవాల్సిన పని ఉండదు. బోర్లా కాకుండా వెల్లకిలా గానీ, స్టోమా ఉన్న పక్కకు గానీ తిరిగి పడుకోండి. ఎత్తైన చోట్లకు వెళ్తే బ్యాగ్ బుడగలా ఉబ్బుతుంది. సముద్రమట్టానికి 3,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం కింద ఉన్నదానిలో 70 శాతమే. కాబట్టి పేగులోని, బ్యాగ్‌లోని గాలి దాదాపు 40 శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. భయపడకండి, గాలి తరచుగా వదిలేస్తూ ఉండండి చాలు.

ఎవరెవరు ఎంతెంత చేశారో తెలిస్తే మీకు బలం వస్తుందేమో. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రోల్ఫ్ బెనిర్ష్‌కీకి మీలాంటి జబ్బే. 1979లో సర్జరీలయ్యాయి, ఇలియోస్టమీతోనే 1980లో మళ్ళీ మైదానంలోకి దిగి ఏళ్ళతరబడి ఆడాడు. కెనడాకు చెందిన రాబ్ హిల్ ఇలియోస్టమీ బ్యాగ్‌తో 2010లో ఎవరెస్ట్ ఎక్కాడు. మీరు ఎవరెస్ట్ ఎక్కనక్కర్లేదు, నేనూ ఎక్కను. మీ గుట్ట మీకు దక్కితే చాలు.

దానికి ఇలా మొదలుపెట్టండి. ఈ వారమంతా ఒక కాగితం మీద ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు ఎంత పడింది, ఎప్పుడు ఖాళీ చేశారు రాసుకోండి. మీ స్టోమాకు ఒక వేళాపాళా ఉంటుంది, అది మీకే కనబడుతుంది. వచ్చేవారం ఇంటి చుట్టుపక్కల చదునైన దారిలో అరగంట, రెండు సీసాలతో. ఆ పై వారం గంట. ఒళ్ళు సహకరిస్తే నాలుగైదు వారాల్లో మళ్ళీ ఆ గుట్టకే వెళ్ళండి. ఇంకోటి వద్దు, అదే.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం పట్టుదలకు పోకండి. కడుపులో మెలిపెట్టే నొప్పితో నాలుగైదు గంటలు బ్యాగ్‌లో ఏమీ పడకపోతే, వాంతులు మొదలైతే, అది పేగులో అడ్డంకి కావచ్చు. స్టోమా ఊదారంగులోకో నలుపులోకో మారినా, బ్యాగ్‌లో నీళ్ళలా రోజుకు లీటరున్నరకు పైగా పడుతున్నా, రక్తం ఆగకపోయినా నేరుగా ఆస్పత్రికి వెళ్ళాలి. వెళ్ళే చోటు నుంచి ఆస్పత్రి ఎంత దూరమో, ఫోన్ ఎక్కడిదాకా అందుతుందో బయల్దేరేముందే తెలుసుకోండి. మీకు పెద్దపేగు లేదని, ఇలియోస్టమీ ఉందని రాసిన చీటీ ఒకటి జేబులో ఉంచుకోండి. మీరు మాట్లాడలేని పరిస్థితిలో ఉన్నా వైద్యం చేసేవాళ్ళకు తెలియాలి.

స్నేహితులందరికీ చెప్పాలా అంటే అక్కర్లేదు. ఒక్కరికి చెప్పండి. తువ్వాలు అడ్డం పట్టి, అటు తిరిగి నిలబడి, తర్వాత దాని గురించి మాట్లాడని మనిషి మీ గుంపులో ఒకరు ఉండే ఉంటారు. అది ఎవరో మీకు ఇప్పటికే తట్టింది కదా, వాళ్ళకే. మిగతావాళ్ళకు "మధ్యమధ్యలో నేను ఆగుతాను, మీరు ముందు నడవండి" అంటే సరిపోతుంది.

అమ్మాయికి మాత్రం చెప్పాలి. పదిహేనేళ్ళ పిల్లకు మీకు సర్జరీ అయిందని తెలుసు, మీ మోకాళ్ళు బాగానే ఉన్నాయనీ తెలుసు. రోజూ మీరు మెట్లెక్కడం చూస్తూనే ఉంటుంది. తనతో వెళ్ళడం మీకు ఇష్టం లేదేమోనని ఆ పిల్ల అనుకుంటోందేమో, ఆ ఆలోచన నన్ను మీ బ్యాగ్ కన్నా ఎక్కువ బాధపెట్టింది. పెద్ద ప్రసంగం అవసరం లేదు. "మోకాళ్ళ నొప్పులని చెప్పింది నిజం కాదమ్మా. నాకు పొట్ట మీద బ్యాగ్ ఉంది కదా, దారిలో అది కారుతుందని భయపడ్డాను. నాకు రావాలనే ఉంది" అనండి. చూస్తానంటే చూపించండి. చూడనంటే బలవంతపెట్టకండి. తను అడిగే ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఆ గుట్టకు వెళ్ళే రోజు, మీరు ఇంకా ఎక్కువ బరువు మోయకూడదు కాబట్టి, ఓఆర్‌ఎస్ సీసా తన సంచిలో పెట్టుకోమనండి. పావుగంటకోసారి అందించమని చెప్పండి.